టిఫినా, భోజనమా

“బ్రంచ్ అంటే టిఫినా, భోజనమా? ఒక్కటి సెప్పు,” అని మా అత్త అచ్చియమ్మ పొద్దుటి నుంచి నా కూతుర్ని నిలదీస్తోంది.

“రెండూ నానమ్మా! టిఫిన్ టైము దాటాక, లంచ్ టైముకి ముందు తింటారు,” అంది శ్రావణి అద్దం ముందు నిలబడి.

“రెండూ ఎలాగవుద్దే గుంటా? పొద్దెక్కీదాకా తినకుండా కూకుని, మజ్జేనం అవకుండానే తినేత్తారా? ఏ ఏళకీ కాని తిండేటది?”

నాకు నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఈ సంబంధం మాట ఇంట్లోకి వచ్చిన దగ్గర్నుంచి అత్త ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదటిసారి. నవ్వితే మళ్లీ నోరు మూసుకుంటుందేమోనని భయం.

సంబంధం శ్రావణికి కాదు, నాకే. ఆశ్చర్యపోండి, ఫరవాలేదు, నేనూ ఆశ్చర్యపోయాను. మా ఆయన వరహాలరావు కామెర్లతో పోయి చాలా ఏళ్లయింది. అప్పట్నుంచి అరకు రైల్వేస్టేషన్ రోడ్డులో మా కిరాణా కొట్టుని అత్తా నేనూ కలిసి నడుపుతున్నాం. పొద్దున్న షట్టర్ తీసేటప్పుడు మొదలైన పోట్లాట రాత్రి షట్టర్ దించాకే ఆగుతుంది. ఆ పోట్లాట లేకపోతే నాకు అన్నం సయించదు.

విశాఖలో శ్రావణితో చదివే అమ్మాయికి దేవీప్రసాద్ అని ఒక మేనమామ ఉన్నాడు. గుమ్మలక్ష్మీపురంలో కాలిపోయిన మోటార్లకి వైండింగు చేసే కొట్టు. భార్య పోయింది, పిల్లల్లేరు. ఈ పిల్లలిద్దరూ కూడబలుక్కుని నా నంబరు ఆయనకీ, ఆయన నంబరు నాకూ ఇచ్చారు. నలభై దాటాక నాకు పెళ్లేమిటే, సిగ్గులేదూ అని శ్రావణి మీద మొదట విరుచుకుపడ్డాను. తరవాత ఫోన్లో మాట్లాడాను. ఆ తరవాత ఫోను ఎప్పుడు మోగుతుందా అని చూడటం మొదలుపెట్టాను. అదీ సంగతి.

ఒక్కటి మాత్రం గట్టిగా అనుకున్నాను. అత్తకి ఇష్టం లేకపోతే ఈ పెళ్లి లేదు. కన్నకొడుకుని పోగొట్టుకున్న మనిషి. కోడలు ఇంకో మగాడి పక్కన నిలబడితే చూసి తట్టుకోగలదా? శ్రావణి చేత చెప్పించాను, నేనూ చెప్పాను. ఔననలేదు, కాదనలేదు. చేటలో కందిపప్పు పోసుకుని రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఆదివారం ఆయన వస్తున్నాడు, కొత్త హోటల్లో కలుస్తున్నాం అన్నప్పుడు మాత్రం తలెత్తి, “నానూ వత్తాను,” అంది. ఎందుకొస్తానంటోందో, అక్కడికొచ్చి ఏం చేస్తుందో నాకు అంతుచిక్కలేదు. చెడగొట్టడానికే అయితే ఇంట్లోనే వద్దని ఒక్క మాటనేస్తే పోయేది కదా!

ఆ హోటలు కాఫీ తోటలకి వెళ్లే రోడ్డు మలుపులో ఉంది. రేకుల కప్పు, వెదురు దడి గోడలు. లోపల విశాఖ నుంచి వచ్చిన కుర్రకారు తినడం మానేసి కంచాలకి ఫొటోలు తీసుకుంటున్నారు. గోడల నిండా చేటలూ, జల్లెడలూ మేకులకి తగిలించి ఉన్నాయి.

“సేటలన్నీ గోడకెక్కించీసేరు. మరి బియ్యం దేంతో సెరుగుతారో?” అంది అత్త. కుర్చీలో ఒక కాలు మడిచి పైన పెట్టుకుని, నా పక్కనే కూర్చుంది. నా పక్కన కూర్చోబోయిన శ్రావణిని లేపి చివరికి పంపింది.

శ్రావణి మెనూ చదివి వినిపించింది. చోడి ప్యాన్‌కేకు, బొంగు చికెన్ టాకో, సామల రిజోటో, పసుపు లాటే. కోడి తప్ప పదార్థాలన్నీ మా కొట్లో ఉండే రాగులూ, సామలూ, పసుపే, పేర్లు మాత్రం ఒక్కటీ మావి కావు. నిజం చెప్పొద్దూ, నాకు చాలా కుతూహలంగా ఉంది. ఆ తిండి ఎలా ఉంటుందోనని సగం, ఆ మనిషి ఎలా ఉంటాడోనని సగం.

ఆయన మోటారు సైకిలు మీద వచ్చాడు. హెల్మెట్టు తీస్తే జుట్టంతా నెత్తికి అతుక్కుపోయి ఉంది. గోళ్ల సందుల్లో గ్రీజు ఎంత తోమినా పోలేదని తెలుస్తూనే ఉంది. అత్తకి నమస్కారం పెట్టి, నావైపు చూసి, ఏమనాలో తోచక శ్రావణిని “బాగున్నావామ్మా?” అని అడిగాడు.

“నీ తరపున పెద్దోళ్లెవులూ రానేదేటి బాబూ?” అంది అత్త, ఆయన ఇంకా కూర్చోకుండానే.

“ఉన్నది ఒక్క అక్కండి. మోకాళ్ల నొప్పులు, ఘాటీ రోడ్డు అంటేనే భయపడిపోయింది. తిట్టినా పొగిడినా నన్నే అనండి, పరవాలేదు.”

ఇదేదో బాగానే మాట్లాడుతున్నాడే అనుకున్నాను. వడ్డించే ఆమె యర్రమ్మ ముందు టాకోలు తెచ్చింది. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, కిందనుంచి కూడా చూశాడు.

“అమ్మా, ఇది అట్టేనా? మడిస్తే విరక్కుండా ఎలా ఉంది? వేడిగా ఉన్నప్పుడే వంచేస్తారా?”

“పెనం మీంచి తీత్తానే బొంగు మీద ఏసేత్తామండి. వంగిపోద్ది,” అని యర్రమ్మ నవ్వింది.

“అదీ కిటుకు!” అన్నాడాయన, పెద్ద చిక్కు విడిపోయినట్టు. తెలియనిదాన్ని తెలియదని అడిగే మగాణ్ని చూసి ఎన్నాళ్లయిందో. నాకు ముచ్చటేసింది. ముచ్చటేసిన సంగతి మొహంలో కనబడుతుందేమోనని నీళ్లు తాగాను.

అత్త మాత్రం ఏదీ ముట్టుకోలేదు. ప్యాన్‌కేకు ముందు పెడితే పళ్లేన్ని ఆయన వైపు జరిపింది. టాకో ఇస్తే అదీ జరిపింది. “తిను బాబూ, సల్లారిపోద్ది,” అనడమే తప్ప తన నోట్లో ఏమీ పడలేదు. మా కొట్లోకి కొత్త రకం బిస్కెట్లు వస్తే మొదటి ప్యాకెట్టు చింపేది ఆవిడే. అలాంటి మనిషి ఇన్ని కొత్త వాసనల మధ్య చేతులు కట్టుకుని కూర్చుందంటే, కోపం ఏ స్థాయిలో ఉందో నాకు అర్థమైపోయింది.

పైగా ప్రశ్నలు మొదలుపెట్టింది. సంపాదన, ఆస్తి అడిగితే సరే అనుకోవచ్చు. అవేవీ కావు.

“నీ ఇంట్లో నీళ్లు లోపలికొత్తాయా, ఈదిలోంచి మోసుకోవాలా?”

“లోపలికే వస్తాయండి. మోటారు నేనే బిగించాను.”

“వొంట్లో బాగోకపోతే కాఫీ పెట్టివ్వడమొచ్చా?”

“వచ్చండి. చారు కూడా వచ్చు.”

“కోపమొత్తే ఏటి సేత్తావు?”

“కొట్టుకి వెళ్లిపోయి ఏదో ఒక మోటారు విప్పుతానండి. మళ్లీ బిగించేసరికి తగ్గిపోద్ది.”

శ్రావణి టేబులు కింద కాలు చాపి నా కాలు తొక్కి, బాగుంది అన్నట్టు కనుబొమలెగరేసింది. అత్త మొహంలో మాత్రం ఏమీ లేదు.

“నీ పెళ్లాం ఫొటో ఇంట్లో ఉందా?”

“అత్తా!” అన్నాను. నా మాట వినిపించుకోలేదు.

“ఉందండి. ముందు గదిలో,” అన్నాడాయన నెమ్మదిగా.

“ఈ పెళ్లయితే తీసేత్తావా?”

ఆయన నావైపు చూశాడు. ఏ జవాబు చెబితే నాకు నచ్చుతుందోనని చూస్తున్నాడనుకున్నాను. కాదు, నేను బాధపడతానేమోనని చూశాడట, తరవాత చెప్పాడు.

“తీయనండి. ఏమీ అనుకోకండి,” అన్నాడు.

అత్త తలూపింది. ఆ ఊపడానికి అర్థమేమిటో దేవుడికే తెలియాలి. అయిపోయింది, ఇక మోటారు సైకిలెక్కి వెళ్లిపోవడమే మిగిలింది అనుకున్నాను.

సరిగ్గా అప్పుడే యర్రమ్మ సామల రిజోటో తెచ్చింది. మట్టి గిన్నెలో పొగలు కక్కుతూ, పైన కొత్తిమీరా కరిగిన చీజూ. ఇబ్బందిగా ఉన్నప్పుడు ఎవరైనా చేసే పనే ఆయనా చేశాడు. చెంచా తీసుకుని గిన్నెలో పెట్టబోయాడు.

“ఆగు!” అని అత్త చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుంది.

ఆయన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. అత్త రెండో చేత్తో గిన్నె అంచునున్న ఒక మెతుకు తీసి, వేళ్ల మధ్య నలిపి చూసింది.

“ఇది టిఫిను కాదు. సామన్నం. అన్నం అన్నమే, ఏ పేరెట్టినా. మాట తేలకుండా పెళ్లిసూపుల్లో అన్నం తినకూడదు బాబూ.”

ఆయన చెంచా ఠక్కున కింద పెట్టేశాడు. “క్షమించండి. నాకు తోచలేదు.”

ఆవిడ పొద్దుటి నుంచీ టిఫినా భోజనమా అని ఎందుకు ప్రాణం తీసిందో అప్పుడు తెలిసింది. మా వైపు పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు టిఫిను తింటారు, కాఫీ తాగుతారు. అన్నం జోలికి పోరు. తిన్నారంటే సంబంధం ఖాయమైనట్టే. నాకు ఆ సంగతి తెలుసు గానీ, ప్యాన్‌కేకుల మధ్య కూర్చున్నాక ఇక్కడ ఆ పట్టింపేమిటని మరిచిపోయాను.

“నానమ్మా, అది రిజోటో! ఇటలీ వంటకం!” అంది శ్రావణి.

“ఇటలీవోళ్లు పెళ్లిళ్లు ఎలాగ సేసుకుంతారో నాకు తెలీదే. మనకి కుదరదు.”

గిన్నెలోంచి పొగలు తగ్గిపోతున్నాయి. నలుగురం దానివైపే చూస్తున్నాం. నాకు ఒళ్లు మండిపోయింది.

“మాట తేల్చాల్సింది ఎవరత్తా? నువ్వే కదా! ఆ రోజు నుంచీ నోరు విప్పవు. ఇక్కడికొచ్చి నీళ్లు తప్ప ఏమీ ముట్టవు. ఇష్టం లేదని ఒక్క మాట చెప్పు, లేచి ఇంటికి పోదాం. నా ప్రాణం ఇలా కొరుక్కుతినకు!”

పక్క టేబుల్లో కుర్రాళ్లు ఫొటోలు ఆపి మావైపు తిరిగారు. తిరిగితే తిరగనీ అనుకున్నాను.

అత్త నావైపు పూర్తిగా తిరిగింది. “నన్ను అడిగినావేటి?”

“ఏమిటి?”

“నీ కూతురొచ్చి సెప్పింది. నువ్వొచ్చి సెప్పినావు. సేసుకోనా అత్తా అని అడిగినావేటి? అడగని దానికి ఏటని సెప్పమంతావు?”

నా కోపమంతా ఎక్కడికి పోయిందో తెలియదు. నిజమే. వద్దంటుందేమోనన్న భయంతో, చెప్పి ఊరుకున్నాను తప్ప అడగలేదు. ఎదురుగా ఆయన, బల్ల చివర కూతురు, చుట్టూ ముక్కూ మొహం తెలియని జనం. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా అడిగాను.

“చేసుకోనా, అత్తా?”

“సేసుకోయే,” అంది. అంత మాత్రమే అని, ముక్కు చీదుకుని, మళ్లీ అంది. “వరహాలు తల్లి లెక్కనైతే ఇంటికాడే ఉండిపోదును. ఇక్కడికెందుకొత్తాను? పెళ్లికూతురి తల్లి లెక్కన వచ్చినాను. వచ్చినోళ్లు తినడం అవకుండా పెళ్లికూతురి తల్లి నోట్లో ఏటైనా ఎట్టుకుంతాదేటే, తెలివితక్కువదానా?”

నేను భోరుమన్నాను. హోటలని కూడా చూడలేదు. అత్త తన చీర చెంగుతో నా మొహం తుడిచి, “సాల్లే, సూసినోళ్లు తిండి బాగోనేదనుకుంతారు,” అంది.

“మరి నువ్వు?” అన్నాను వెక్కిళ్ల మధ్య. “నువ్వూ నాతో గుమ్మలక్ష్మీపురం వస్తున్నావు కదా?”

“నానెందుకు? కూతుర్నిచ్చినోళ్లు అల్లుడింట్లో కాపరముంతారేటి? కొట్టు సూసుకుంటా ఇక్కడే ఉంతాను. పండక్కొత్తాను.”

“అయితే నాకీ పెళ్లి వద్దు!”

“ఒలే, ఇప్పుడే కదే సేసుకోనా అన్నావు!”

“ఇప్పుడు వద్దంటున్నాను. నిన్నొదిలేసి ఎవరింటికీ వెళ్లను. ఏం చేసుకుంటావో చేసుకో!”

మేం రోజూ షట్టర్ దగ్గర ఎలా పోట్లాడుకుంటామో అలాగే గొంతులు లేచాయి. దేవీప్రసాద్ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. ఇందాక టాకోని చూశాడే, అలా చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

“నాదొక్క మాటండి. మోటార్లు అరకులోనూ కాలతాయి గదా?”

ఇద్దరం ఆగిపోయాం.

“ఏటి?” అంది అత్త. “ఇల్లరికం వత్తావా?”

“నా కొట్టు అద్దెదేనండి. సామానంతా ఒక్క ఆటోలో పట్టేస్తుంది. మీరు రమ్మంటే వస్తాను.”

శ్రావణి పకాలున నవ్వింది. “నానమ్మా, నీకు యాభై ఏళ్ల ఇల్లరికం అల్లుడు!” అంటూ బల్ల మీద చెయ్యి కొట్టింది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి గానీ చూపు దించలేదు. అత్త సమాధానం కోసం అలాగే కూర్చున్నాడు.

అత్త లేచి నిలబడింది. చెంగు నడుముకి దోపింది. యర్రమ్మ వడ్డించడానికి వస్తుంటే, “నువ్వుండమ్మా,” అని గరిట అందుకుని, గిన్నె దగ్గరికి లాక్కుని, సామన్నం ఆయన కంచంలో తన చేత్తో వడ్డించింది. చల్లారి గట్టిపడిన చీజు తీగలు తీగలుగా సాగుతుంటే వేలితో తెంపింది. ఆయన వెంటనే తినలేదు. రెండు చేతులూ కంచం పక్కన పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు.

“తిను,” అంది అత్త, ఇంకో గరిట వేస్తూ. “వచ్చినప్పుడు నీ ఇంటిదాని ఫొటో కూడా అట్టుకురా బాబూ. ఖాళీ ఇంట్లో ఒక్కద్దాన్నీ వొదిలీకు. మా వరహాలు పక్కన గోడ మీద సోటుంది.”