ఉడుము చెయ్యి

ఆ పిల్లను కుస్తీ హాల్లో అందరూ ఉడుము అనే పిలిచేవారు. పట్టుకుందంటే వదలదు. వదలదు సరే, అవతలి మనిషి పడదు కూడా, అదీ వచ్చిన చిక్కు. కాళ్లు దొరకబుచ్చుకుంటుంది, ఎత్తుతుంది, ఇదిగో పడిపోయింది అనుకునేలోపు అవతలి పిల్ల నిలదొక్కుకుని ఈమె మీదికే తిరగబడుతుంది.

"పట్టులో లోపం లేదమ్మా. పడేసే చోటే ఏదో జారిపోతోంది. అదేమిటో నాకూ అంతుపట్టట్లేదు" అన్నారు మాస్టారు. ఆయన దాపరికం లేని మనిషి.

పై పోటీలకు వెళ్లే జట్టులో ఆమె బరువు వాళ్లకు ఉన్నది ఒక్క చోటు. ఆదివారం ఎంపిక కుస్తీలో గెలిస్తే అది ఆమెది, ఓడితే పోస్ట్‌మ్యాన్ కూతురిది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, మళ్లీ అడిగే వీలుండదు. పగలంతా ఆసుపత్రిలో ఆయాగా రోగుల్ని లేపి, కూర్చోబెట్టి, నడిపించి, సాయంత్రం హాలుకు పరుగెత్తే ఆ పిల్లకు ఇంకో కోరికంటూ లేదు.

ఇంట్లో ఆ వేలాడే ముఖాన్ని వదిన చూడలేకపోయింది. వదిన దర్జీ. కుట్టుమిషను గోడవారకు జరిపి, ఇంట్లో ఉన్న పరుపులన్నీ నేల మీద పరిచి, జుట్టు ముడేసుకుని నిలబడింది.

"రావే, నన్ను పడెయ్యి."

"నిన్నా? అన్నయ్య చూస్తే నన్ను వీధిలో పడేస్తాడు."

"మీ అన్నయ్యకు ఎవర్నీ పడేసే ధైర్యం లేదులే. కానియ్."

వదిన పడింది. లేచింది, మళ్లీ పడింది. నడుం పట్టుకుని మూలుగుతూ కూడా పడింది. రోజూ మిషను ఆపగానే ఇదే పని. అలా ఒక రాత్రి పడ్డదల్లా లేవకుండా, పైకప్పు చూస్తూ ఆలోచనలో పడింది.

"మోచేయి దోక్కుపోయింది, నడుం పట్టేసింది. తలకు మాత్రం ఒక్క దెబ్బా తగల్లేదు. ఎందుకంటావు?"

"పరుపు మెత్తగా ఉంది కదా."

"పరుపు కాదే పిచ్చిదానా. నా తల కింద ఉన్నది నీ చెయ్యి."

నిజమే. తూలిన రోగికి మెడ వెనక చెయ్యి అడ్డం పెట్టడం ఆమెకు పనిలో అబ్బిన అలవాటు. మ్యాట్ మీదా అంతే, అవతలి మనిషి ఒరగ్గానే ఒక చెయ్యి కాలొదిలేసి తలకు కాపలా పోతోంది. వదిన మీదంటే చెల్లింది, ఆరితేరిన వాళ్లకు ఆ రెప్పపాటు సందు చాలదూ?

"అయితే ఆ చెయ్యి కట్టేసుకోనా?"

"కట్టుకుంటే పట్టేది దేంతో? ముందు మంచం మీది మనిషిని కుర్చీలోకి ఎలా మారుస్తావో నా మీద చేసి చూపించు."

ఉడుము వదిన పాదాల మధ్య తన పాదం పెట్టింది. ఛాతీ ఆనించి, నడుం దగ్గరకు తెచ్చి, బరువంతా తన మీద వేసుకుని తిప్పింది.

"ఇప్పుడు నీ చెయ్యి నా తల దగ్గరికి రాలేదేం?"

"ఇంత దగ్గరగా ఉంటే ఎక్కడికి పడతారు వదినా? నాతోనే వస్తారు."

అనేసి, తన మాట తనే విని ఆగిపోయింది. ఇన్నాళ్లూ చేతులు చాచి దూరం నుంచి కాళ్లు లాగుతోంది. దూరంగా పడే మనిషి కాబట్టే చెయ్యి ఆమె వెంట పరుగెత్తుతోంది.

ఆదివారం చివరిదాకా ఇద్దరికీ సమాన పాయింట్లే. ఉడుము ఒక్క అడుగు లోపలికి, పోస్ట్‌మ్యాన్ కూతురి పాదాల మధ్యకు వేసింది. కిందికి వంగి నడుం ఆనించి, ఆమెతోపాటే తనూ ఒరిగింది. ఇద్దరూ ఒకే మూటలా మ్యాట్ మీద పడ్డారు. ఉడుము చేతులు రెండూ అవతలి పిల్ల మోకాళ్ల వెనకే ఉన్నాయి. గెలిపించే రెండు పాయింట్లకు గుర్తుగా రిఫరీ రెండు వేళ్లు పైకెత్తాడు.

చెమటతోనే వచ్చి, చూడ్డానికొచ్చిన వదినను చుట్టేసింది. "వదినా" అంది. అంటూనే ఆమె భుజం మీద ఏడ్చేసింది.

"ఏడిస్తే ఏడువు గానీ గట్టిగా నొక్కకు. పక్కటెముకలు ఇంకా కుదురుకోలేదు" అంది వదిన, తన కళ్లూ తుడుచుకుంటూ.

మాస్టారు దగ్గరికొచ్చారు. "సాధనకు తోడుగా ఒకర్ని జట్టుతో తీసుకెళ్లొచ్చు. ఎవరు కావాలమ్మా?"

"మా వదిన" అంది ఉడుము, ఆయన మాట ముగిసీ ముగియకముందే.

"పడ్డానికి అంత దూరం రావాలా నేను?" అంది వదిన. అంటూనే, బయల్దేరేది ఎన్నింటికో మాస్టారిని అడిగింది.