నట్టు పోసిన నూనె

అక్క బండెక్కితే నట్టుకి ముద్ద దిగదు. రెండేళ్ళుగా ఇదే వరస.

నట్టు అనేది అమ్మా నాన్నా పెట్టిన పేరు కాదని వేరే చెప్పాలా? క్లబ్బువాళ్ళు పెట్టారు. రెండేళ్ళ కిందట ఒక పోటీకి ముందు అక్క బండి ముందు చక్రానికి నట్టు గట్టిగా బిగించడం మరిచిపోయాడు. పెద్ద బండ మీదినుంచి దిగుతుంటే చక్రం పక్కకి పోయింది. అక్క పడింది, కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది. ఆ రోజు అతను ఆ బండ పైన నిలబడి అక్కని కాచుకోవాల్సినవాడు, ఇంకోచోట ఎవరితోనో కబుర్లు చెబుతున్నాడు. అప్పటినుంచి పేరు అతుక్కుపోయింది.

ఇందులో సిగ్గుచేటు ఏమిటంటే నట్లు బిగించడమే అతని ఉద్యోగం. ఎత్తయిన భవనాల్లో లిఫ్టులు బాగుచేస్తాడు. పదిహేనో అంతస్తునుంచి జనం అతని చేతిపనిని నమ్ముకునే కిందికి దిగుతారు. ఇన్నేళ్ళలో ఒక్క లిఫ్టు మొరాయించిందన్న మాట రాలేదు. తీరా సొంత అక్క బండి దగ్గరికొచ్చేసరికి బుద్ధి గడ్డి తిన్నది.

అక్క తిట్టి ఉంటే బావుండేది. నాలుగు తిట్లు పడేవి, అక్కడితో లెక్క సరిపోయేది. ఆవిడ అదీ చేయలేదు. "పోన్లేరా, ఎముకే కదా, అతుక్కుంటుంది" అని ఎడమచేత్తో టీ తాగుతూ కూర్చుంది. దంతవైద్యుడి దగ్గర పళ్ళసెట్లు చెక్కే మనిషి, ఆ చెయ్యే ఆవిడకి జీవనాధారం. ఆరు నెలలు పని మానేసి ఇంట్లో కూర్చుంది. ఆ ఆరు నెలలూ నట్టు ఆవిడ మొహంలోకి సూటిగా చూడలేకపోయాడు.

ఇవాళ అక్క రెండేళ్ళ తర్వాత మళ్ళీ పోటీకి దిగింది. ఆవిడ గెలుస్తుందా ఓడుతుందా అన్నది నట్టుకి పట్టలేదు. తన చేతివల్ల ఇంకోసారి పడకుండా ఇంటికొస్తే చాలు. పడితే ఈ జన్మలో స్పానర్ ముట్టుకోనని లోపల్లోపలే ఒట్టు పెట్టుకున్నాడు.

ఈ పోటీ ఎరగనివాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. ఇందులో వేగంతో పనే లేదు. పేరుకి మోటారుసైకిలే గాని కూర్చునే సీటు కూడా ఉండదు, నిలబడే నడపాలి. రాళ్ళూ దుంగలూ బురదా ఉన్నచోట అటూ ఇటూ రిబ్బన్లు కట్టి దారి చూపిస్తారు, దాన్ని సెక్షన్ అంటారు. కాలు నేల తాకకుండా అందులోంచి బయటపడాలి. కాలు ఒకసారి ఆనితే ఒక మార్కు. బండి పడినా, బయటివాళ్ళు చెయ్యి వేసినా ఐదు. ఎవరికి తక్కువ మార్కులు పడితే వాళ్ళదే గెలుపు. ప్రతి రైడరుకీ తోడు ఒక మనిషి ఉండొచ్చు. ఎత్తయిన బండల పైన నిలబడి, బండి వెనక్కి తిరగబడితే పట్టుకోవడం ఆ మనిషి పని. పట్టుకుంటే ఒళ్ళు దక్కుతుంది, ఐదు మార్కులు పడతాయి.

పాత రాతిక్వారీలో పది సెక్షన్లు పెట్టారు. ఆరు అయ్యేసరికి, మార్కుకో చిల్లు పొడిచే అక్క అట్ట మీద ఒకే ఒక్క మార్కు. మిగతావాళ్ళలో చాలామంది అట్టలు చిల్లులమయం. జనం ముక్కు మీద వేలేసుకుని చూస్తున్నారు. అప్పుడు అక్క చేతిగ్లౌజు చిరిగింది.

"వ్యానులో ఇంకో జత ఉంది, తెచ్చిపెట్టరా. ఏడో సెక్షన్ దగ్గర ఉంటా" అంది.

"నేనొచ్చేదాకా లోపలికి వెళ్ళకు."

"వెళ్ళనులే, నడువు."

నట్టు వ్యాను తలుపు తీసి పనిముట్ల పెట్టె ఎత్తాడు. గ్లౌజులు దాని అడుగున ఉన్నాయి. పెట్టెలో రెండు దగ్గుమందు సీసాలు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. పెద్ద డబ్బాలు మోయలేక అతనే వాటిలో నూనెలు నింపి పెట్టుకున్నాడు. నీలం టేపు చుట్టింది క్లచ్ నూనె, ఎర్ర టేపు చుట్టింది బ్రేక్ నూనె. నిన్న సాయంత్రం క్లచ్ నూనె కాస్త తగ్గిందని పోశాడు. బ్రేకుల జోలికి పోలేదు.

నీలం సీసా మూతిదాకా నిండుగా ఉంది. ఎర్ర సీసా రెండు వేళ్ళ మేర తగ్గింది.

అంటే నిన్న క్లచ్‌లో పోసింది బ్రేక్ నూనె! సీసాలు రెండూ చేతిలోకి తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు, వాసన చూశాడు, మళ్ళీ చూశాడు. చూస్తే మాత్రం నూనె మారుతుందా? ఈ బండి క్లచ్‌లో బ్రేక్ నూనె పడితే లోపలి రబ్బరు సీలు ఉబ్బిపోతుంది. వెంటనే తెలిసి చావదు. తీరా బండి నిటారుగా బండ ఎక్కుతున్నప్పుడు క్లచ్ పట్టు వదిలేస్తుంది, ఇంజను అరుస్తుంది, చక్రం తిరగదు. బండి వెనక్కి పల్టీకొట్టి నడిపేవాళ్ళ మీద పడుతుంది. నిన్న ప్రతి నట్టునీ మూడేసి సార్లు బిగించి, బిగించినట్టు గుర్తుగా తెల్లరంగు గీత కూడా గీశాడు. నట్లంటే అంత భయం. నూనె మాత్రం ఎవరితోనో ఫోనులో నవ్వుతూ పోశాడు.

ఏడో సెక్షన్‌లో ఉన్నదేమో మనిషి ఛాతీ ఎత్తు బండ.

గ్లౌజులూ వద్దు, ఏమీ వద్దు, పరుగో పరుగు. రాళ్ళ మీద కాళ్ళు జారాయి, మోకాలు చీరుకుపోయింది, ఎవరిదో హెల్మెట్ తన్నేశాడు. "ఏమయ్యా, కళ్ళు నెత్తికెక్కాయా?" అని ఎవరో అరిచారు. తలైనా తిప్పలేదు. "ఆగు తల్లీ, ఆగు, ఆగు" అని తనలో తను గొణుక్కుంటూ ఉరికాడు.

అక్క ఆగలేదు. ఆవిడ తప్పు కూడా కాదు. ఏడో సెక్షన్ పరిశీలకుడు రిటైరైన లెక్కల మాస్టారు. "నీ వంతు వచ్చిందమ్మా. వస్తే రా, లేకపోతే వెనక్కి పో" అన్నాడు. చిరిగిన గ్లౌజుతోనే లోపలికి వెళ్ళింది. నట్టు వచ్చేసరికి ఆవిడ మొదటి రెండు రాళ్ళూ దాటి, ఆ పెద్ద బండకి ఎదురుగా నిలబడి ఉంది. రెండు కాళ్ళూ బండి మీదే ఉన్నాయి. మోకాళ్ళు వంచి, ఊపిరి బిగబట్టి, క్లచ్ మీద వేలు పెట్టి ఉంది.

"అక్కా!"

ఇంజను మోతలో ఎవరికి వినబడుతుంది?

నట్టుకి ఐదు మార్కులు గుర్తున్నాయి. రెండేళ్ళుగా ఆవిడ ఇటుకల మీదా, పెరటి గట్టు మీదా కిందా మీదా పడి చేసిన సాధనంతా గుర్తుంది. వెనక్కి పల్టీకొట్టే బండి కూడా కళ్ళ ముందు కనబడింది. రిబ్బను తెంచుకుని లోపలికి దూకాడు. అక్క మణికట్టుకి కట్టిన తాడు ఊడితే ఇంజను ఆగిపోతుంది. ఆ తాడు పట్టి లాగి, రెండో చేత్తో బండిని పొట్టకి అదుముకున్నాడు.

విజిల్ చెవులు చిల్లులు పడేలా మోగింది.

"ఐదు!" అన్నాడు మాస్టారు.

"ఒరేయ్! నీకేమైనా పిచ్చి పట్టిందా?" అక్క హెల్మెట్ లాగి పారేసింది. ఇంత కోపం ఆవిడ మొహంలో నట్టు ఎన్నడూ చూడలేదు. "ఎక్కేదాన్ని! సుబ్బరంగా ఎక్కేదాన్ని!"

"క్లచ్... ఎర్ర సీసా..." నట్టుకి ఊపిరి అందడం లేదు. "నిన్న నేను... బ్రేక్ నూనె పోశానే అక్కా. నిన్ను మళ్ళీ చంపేసేవాణ్ణే."

అక్క మొహంలో కోపం సగంలో ఆగిపోయింది.

"నాకు తెలుసురా" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు పోసింది తెలుసు. పొద్దున్నే మూత తీసి చూశా. గులాబీరంగుగా ఉండాల్సింది పసుపచ్చగా ఉంది. అంతా పారబోసి, కడిగి, సీలు మార్చి, షెడ్డులో పెద్ద డబ్బాలోంచి మళ్ళీ పోశా. బండి బంగారంలా ఉంది. నువ్వే దాని మీద పడి కావిలించుకున్నావు."

నట్టు ఆ రాళ్ళ మీదే చతికిలబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి, దేన్నీ ఆపుకోలేదు. బండి బావుంది. అక్క బావుంది. ఇంకేం కావాలి?

కాసేపటికిగాని రెండో సంగతి బుర్రకెక్కలేదు.

"పొద్దున్నే నువ్వెందుకు చూశావ్?"

అక్క పక్కకి చూసింది. "ఎప్పుడూ చూస్తా. నువ్వు చేసి పడుకున్నాక."

"రెండేళ్ళుగానా?"

"ఆఁ. సాధనకి వెళ్ళే ప్రతి ఆదివారం. అన్నీ మళ్ళీ చూసుకుంటా."

నట్టుకి తల కొట్టేసినట్టయింది. తను మూడుసార్లు చూసి, రంగు గీసి, తెల్లవార్లూ పక్క మీద దొర్లేవాడు. ఆ తర్వాత ఈవిడ పిల్లిలా వెళ్ళి మళ్ళీ చూసేదన్నమాట. నమ్మకం లేదని మొహం మీద చెప్పి ఉంటే పోయేది కదా అని రోషం పొడుచుకొచ్చింది. కాని నోటివెంట వేరే మాట వచ్చింది.

"ఎన్నిసార్లు తప్పు దొరికింది?"

"ఒక్కసారీ దొరకలేదురా" అంది అక్క. "రెండేళ్ళలో ఒక్క నట్టు కూడా వదులుగా లేదు. ఇవాళ్టి నూనే మొదటిది."

నట్టు ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. ఒక్కటీ లేదా? ఒక్కటీ లేదు. రెండేళ్ళుగా గుండెల మీద మోస్తున్న బరువు దిగిపోయింది. ఈ మాట ఈవిడ మొదటి ఏడాదే చెప్పి ఉంటే ఎన్ని రాత్రుల నిద్ర దక్కేదో!

"మరి నూనె సంగతి పొద్దునే చెప్పొచ్చుగా?"

"చెప్తే నువ్వు స్పానర్ కింద పారేసి పోతావ్. నీ సంగతి నాకు తెలీదా? నాకు ఇంకో మెకానిక్ ఎక్కడ దొరుకుతాడు?"

"చెప్పుంటే ఐదు మార్కులు మిగిలేవి కదే!"

"అది మాత్రం నిజమేరా" అని అక్క తల గోక్కుంది.

"మీ ఇంటి పంచాయితీ రిబ్బను బయట పెట్టుకోండర్రా" అన్నాడు మాస్టారు, అట్టకి చిల్లు పొడుస్తూ. "వెనక నలుగురు కాచుకుని ఉన్నారు."

అంత తేలిగ్గా అక్క కోపం తగ్గలేదు లెండి. ఎనిమిదీ తొమ్మిదీ సెక్షన్లలో తమ్ముడితో మాట్లాడలేదు. రెండింటిలోనూ కాలు దించలేదు కూడా. పదోదాని దగ్గర ఏడోదానికి తీసిపోని బండ ఉంది. నట్టు దాని పైకెక్కి నిలబడ్డాడు. అక్క కింద ఆగి పైకి చూసింది.

"చేతులు వెనక్కి పెట్టుకో" అంది. "నేను నిజంగా పడితేనే ముందుకి తియ్యి."

"సరే."

"పారిపోవుగా?"

"ఎక్కడికి పోతానే, ఇక్కడే ఉంటా."

నట్టు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. ముందు చక్రం బండని తాకి పైకి లేచింది, ఇంజను ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చింది, మరుక్షణం బండీ అక్కా అతని ఎదురుగా ఉన్నారు. కాలు దిగలేదు. అక్క నవ్వింది. అతను మాత్రం చేతులు ముందుకి తీయడం కూడా మరిచిపోయి నిలబడ్డాడు.

ఆ రోజు అక్కకి రెండో స్థానం వచ్చింది. మొదటివాడికి నాలుగు మార్కులు, ఆవిడకి ఆరు. తీసేస్తే ఎంత మిగులుతుందో లెక్కల మాస్టారిని అడగక్కర్లేదు. ఇంటికి వెళ్ళేదాకా అక్క ఆ లెక్క పదిసార్లు చెప్పింది, నట్టు పదిసార్లూ నవ్వాడు.

తర్వాతి పోటీకి ముందురోజు సాయంత్రం షెడ్డులో పని ముగించి, నట్టు గుమ్మంలోంచి కేకేశాడు. "అక్కా, అయిపోయింది. వచ్చి చూసుకో." ఆవిడ గోళ్ళరంగు సీసా పట్టుకుని వచ్చింది. అతను లైటు పట్టుకుంటే ఒక్కో నట్టే తడిమి చూసి, అతని తెల్లగీత పక్కన ఎర్రగీత గీసింది. క్లచ్ మూత తీసి ఇద్దరూ తలలు ఆనించి లోపలికి చూశారు. గులాబీరంగే.

పొద్దున అక్క బండి వ్యానులోకి ఎక్కించి, గ్లౌజులు రెండు జతలు పెట్టుకుని, తయారై నిలబడింది. తమ్ముడి జాడ లేదు. వెళ్ళి తలుపు దబదబా బాదింది.

"ఒరేయ్ నట్టూ! ఏడున్నర అయింది, లేస్తావా లేదా?"

లోపలినుంచి గురక వినబడింది. పోటీ రోజు పొద్దున ఆ ఇంట్లో ఆ చప్పుడు విని రెండేళ్ళయింది. అక్క ఇంకోసారి బాదబోయి ఆగింది. పది నిమిషాలు పోతే పోయాయిలే అనుకుని, మెట్ల మీద కూర్చుంది.