మస్కట్‌లో మోగే ఇంటి నంబరు

ఆశకు దొరికిన సెలవు పన్నెండు రోజులు. అందులో అయిదు రోజులు ఒక్క ఫోన్ నంబరును వదిలించుకోవడానికే పోయాయి. ఉప్పల్‌లోని గ్యాస్ ఆఫీసు ముందు మూడోసారి వరసలో నిలబడ్డప్పుడు, విడాకులు పుచ్చుకోవడం ఇంతకన్నా తేలికేమో అనిపించింది ఆమెకు.

నంబరంటే అల్లాటప్పా నంబరు కాదది. పెళ్లయిన కొత్తలో భర్త దయాకర్ కొనిచ్చాడు. నాచారం పాత ఊళ్లో ఉన్న ఆ ఇంట్లో అప్పటికి నర్సింగ్ దాకా చదివింది ఆశ ఒక్కతే. అందుకని ఎక్కడ ఏ కాగితం మీద ఫోన్ నంబరు రాయమన్నా ఇంటిల్లిపాదీ ఆశ నంబరే రాశారు. గ్యాస్‌కు అదే, కరెంటు మీటరుకు అదే, రేషన్ కార్డుకు అదే. అత్త కిష్టమ్మ ఆధార్‌కూ అదే, బావగారు బుచ్చిరాములు బండి కాగితాలకూ అదే. తోటికోడలు బాలమణికి సొంత ఫోను ఉంది. అయినా ఆమె కొన్న మిక్సీ వారంటీ కార్డు మీద కూడా ఆశ నంబరే.

"నీకైతే ఇంగ్లీషొస్తది. ఎవలన్న ఫోన్ జేస్తే మాట్లాడ్తవ్" అనేవాళ్లు. అదంతా తనకిచ్చిన మర్యాద అనుకుని ఆశ మురిసిపోయింది. మురవకే పిచ్చిదానా అని చెప్పేవాళ్లు ఎవరున్నారు!

దయాకర్ కామెర్లతో పోయాడు. నాలుగేళ్ల కిందట ఆశ మస్కట్‌లో ఒక ఆసుపత్రికి నర్సుగా వెళ్లింది. ఎనిమిదేళ్ల కూతురు స్నిగ్ధను బాలమణి చేతిలో పెట్టింది గానీ, నంబరును మాత్రం వెంట తీసుకుపోయింది. మనిషే పోయాడు, ఆయన ఇచ్చిన నంబరైనా దగ్గర ఉండాలని ఆమె ఆశ. రోమింగ్ పెట్టించుకుంది, అక్కడి సిమ్ము పక్కన దీన్నీ వేసుకుంది. ఇంటి తాళాల గుత్తి కొంగున ముడేసుకుని సముద్రం దాటినట్టయింది ఆమె పని. అటుపై నాచారంలో ఏ తలుపు తీయాలన్నా మస్కట్‌లో ఆశ లేవాల్సిందే.

రాత్రి డ్యూటీ దిగి, ఎనిమిదింటికి కళ్లు మూస్తే ఎనిమిదిన్నరకు ఫోను మోగేది. అక్కడ ఎనిమిదిన్నరంటే ఇక్కడ పది. గ్యాస్ బండి వచ్చే వేళ. అటు బాలమణి.

"ఆశా, పండుకున్నవా? జర లేవ్వే. గ్యాసాయన సిలిండర్ దించిండు, కోడ్ జెప్పుమంటుండు. జల్ది జెప్పు, ఆయనకు ఇంక మస్తు ఇండ్లున్నయట."

నిద్రకళ్లతో మెసేజీలు వెతికి నాలుగంకెలు చదవాలి. ఒకసారి ఆ మత్తులో ఇంకెందుకో వచ్చిన అంకెలు చదివింది. అవి సరిపోలేదు, సిలిండరు మళ్లీ బండెక్కింది. ఆ పూట నాచారంలో పొయ్యి వెలగకపోవడానికి మస్కట్‌లో పడుకున్న ఆశ కారణమైంది. చోద్యం కాకపోతే ఏమిటి? "గంత నిద్రేందే నీకు" అని బాలమణి నెల రోజులు దెప్పింది. అలాగని బాలమణి చెడ్డది కాదు. తన ఇద్దరు కొడుకులకు వడ్డించాకే స్నిగ్ధకు వడ్డించే రకమూ కాదు. ఆ ఇంట్లో మొదటి ముద్ద స్నిగ్ధదే. ఆ సంగతి ఆశకు తెలుసు కాబట్టే నోరెత్తేది కాదు.

నాలుగేళ్లు అలాగే నెట్టుకొచ్చింది. ఒళ్లు అలిసిపోయింది. అయినా ఈ సెలవు వచ్చింది ఆ అలసట తీర్చుకోవడానికి కాదు. పోయిన వానాకాలం జరిగింది అసలు సంగతి.

బడిలో స్నిగ్ధకు జ్వరం ముంచుకొచ్చింది. బడివాళ్లు దాఖలాలో ఉన్న నంబరుకు మూడుసార్లు ఫోన్ చేశారు. ఐసీయూలో డ్యూటీ చేసేవాళ్లు ఫోను లాకరులో పెట్టి పోవాలి. రెండు గంటల తరవాత బయటికొచ్చి చూసుకుంది ఆశ. బాలమణికి చేస్తే, ఆమె చేస్తున్న పని వదిలి పరుగెత్తింది. బడి ఇంటికి పది నిమిషాల నడక. పది నిమిషాల దూరంలో మనుషులను పెట్టుకుని పిల్ల నూట రెండు జ్వరంతో రెండు గంటలు ఆఫీసు బెంచీ మీద కూర్చుంది. ఆ రోజు ఆశ నర్సుల గదిలో గోడకు ఆనుకుని ఏడ్చింది. ఆ రెండు గంటలూ ఎవరో పేషెంటు జ్వరం తానే గంటగంటకూ చూసి రాసింది మరి!

అప్పుడే తీర్మానించుకుంది. ఈసారి పోతే అన్నిట్లోంచీ తన నంబరు తీయించి బాలమణి నంబరు పెట్టించాలి. ముఖ్యంగా బడిలో.

చెప్పగానే బాలమణి బెంబేలెత్తింది. "అమ్మో, నాకెందుకే గీ లొల్లి? గా కోడ్లు గీడ్లు నాకేం సమజైతయ్?"

"నాలుగంకెలు సదువుడే అక్కా. బస్సు నంబర్ సదువుతలేవా?"

"బస్సు తప్పితే ఇంకోటొస్తది. గిది తప్పితే?"

"తప్పితే సిలిండర్ వాపస్ పోతది. నేను పంపలేదా ఒకసారి?"

బాలమణి నవ్వేసింది, ఒప్పుకుంది.

ఇక తిరుగుడు మొదలైంది. ఉప్పల్‌లో ఆధార్ కేంద్రానికి కిష్టమ్మను ఆటోలో తీసుకుపోయారు. టోకెను తీసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నారు. తీరా చూస్తే ముసలామె వేలిముద్రలు మిషన్‌కు అందలేదు. తుడిచి పెట్టారు, తడిపి పెట్టారు, పది వేళ్లూ అయిపోయాయి.

"నాట్లేసి నాట్లేసి అరిగినయ్ బిడ్డా" అంది కిష్టమ్మ, మిషన్ ముందున్న అమ్మాయితో. "గీ కాలనీ అంతా వరి మళ్లే ఉండె. నా గీతలన్ని ఈడ్నే భూమిల ఉన్నయ్, తవ్వి సూస్కోమను."

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. చివరికి కళ్లను ఫోటో తీసి పని కానిచ్చారు. గ్యాస్ ఆఫీసులో ఒకరోజు కంప్యూటరు పని చేయలేదు, ఒకరోజు సంతకం పెట్టే ఆయన రాలేదు, మూడో రోజు ఇద్దరూ పని చేశారు. కరెంటు ఆఫీసు, రేషన్ దుకాణం, బండి కాగితాలు ఒక్కొక్కటే తెగుతూ వచ్చాయి. సెలవంటే ఇదా దేవుడా అని కాళ్లు పట్టుకు కూర్చుంది ఆశ. మస్కట్‌లో పన్నెండు గంటల డ్యూటీ చేసినా ఇంత నీరసం రాదు.

పదో రోజు గ్యాస్ వచ్చింది. కోడు బాలమణి ఫోన్‌కు వచ్చింది. ఆమె వీధి గుమ్మంలో నిలబడి, పరీక్ష రాస్తున్నంత శ్రద్ధగా అంకె అంకె కూడబలుక్కుని చదివింది. సిలిండరు దిగింది. "అయ్యో, గింతేనా! దీనికేనా నాలుగేండ్లు దాన్ని నిద్రల లేపింది!" అని నెత్తి కొట్టుకుంది. ఆశకు హాయిగా ఉండాలి కదా? లేదు. చేతిలో ఫోను ఊరికే పడి ఉంది. నాలుగేళ్లుగా విసుక్కున్న ఆ మోత ఇక రాదంటే, ఏదో వెలితిగా అనిపించింది. తనను తానే తిట్టుకుంది.

బడి పని మాత్రం ఆఖరుకు మిగిలింది. మిగలలేదు, మిగిల్చింది. తెల్లవారితే ప్రయాణం అనగా, ఇక తప్పదని స్నిగ్ధను వెంటబెట్టుకుని వెళ్లింది.

బడి గుమాస్తా పట్టాభిరామయ్యది గోదావరి వైపు. రైల్వేలో రిటైరయ్యి మౌలాలి నుంచి వస్తాడు. పెద్ద రిజిస్టరు తీసి, ఏడో తరగతి పేజీ తిప్పి, కళ్లజోడు సర్దుకున్నాడు.

"మంచిపని చేస్తున్నారమ్మా. ఆ రోజు మేమెంత కంగారు పడ్డామో! మీకు చేస్తే ఎత్తరు. ఇంకెవరిదైనా నంబరు చెప్పవే తల్లీ అని ఈ పిల్లని రెండు మూడుసార్లు అడిగాను. తెలీదండీ అంది. ఇదిగో, ఈ బెంచీ మీదే కూర్చోపెట్టాను."

ఆశ ఆ బెంచీ వంక చూడలేకపోయింది.

ఆయన ఎర్రసిరా పెన్ను తీసి, స్కేలు పెట్టి, ఆమె నంబరు మీద అడ్డంగా గీత గీశాడు. "ఊఁ, కొత్త నంబరు చెప్పండి."

బాలమణి నంబరు ఆశకు నోటికి రాదు. ఫోన్లో వెతుకుతూ ఉంటే, పక్కనుంచి స్నిగ్ధ గడగడా పది అంకెలూ చెప్పేసింది. పట్టాభిరామయ్య రాసుకుని, సంబంధం అన్నచోట 'పెద్దమ్మ' అని పెట్టి, ఆశతో సంతకం చేయించుకున్నాడు. అయిదు నిమిషాల్లో అయిపోయింది.

బయటికొచ్చి ఇద్దరూ నడుస్తున్నారు. నాచారం చౌరస్తా దాకా వచ్చారు. లారీలు రొద పెట్టుకుంటూ పోతున్నాయి. ఆ పది అంకెలే ఆమె చెవుల్లో తిరుగుతున్నాయి. బస్‌స్టాపు రాగానే ఆశ కూర్చుంది.

"స్నిగ్ధా, పెద్దమ్మ నంబర్ నీకు ఎప్పట్నుంచి వచ్చు?"

"చిన్నప్పట్నుంచే వచ్చు."

"మరి జ్వరమొచ్చిన రోజు సారు అడిగితే తెల్వదన్నవట?"

స్నిగ్ధ చెప్పు కొసతో నేల మీద రాస్తూ నిలబడింది.

"నీ మీద కోపమొస్తలేదు బిడ్డా. చెప్పు. చెప్తే పెద్దమ్మ ఉరికొస్తుండె గదా. రెండు గంటలు ఎందుకు గట్ల కూసున్నవ్?"

"చెప్తే నీ నంబర్ కొట్టేస్తరు అమ్మా." పిల్ల గొంతు మామూలుగానే ఉంది. "మా క్లాసుల ఒకమ్మాయిది గట్లనే కొట్టేసిండ్రు. కొట్టేస్తే ఇగ అమ్మ అని ఏడ ఉండది. అందుకే చెప్పలే."

నూట రెండు జ్వరం. నాలుక ఎండిపోయే జ్వరం. ఆ జ్వరంలో పిల్ల పది అంకెలను పళ్ల బిగువున పట్టుకుని, అమ్మ పేరు పోకుండా రెండు గంటలు కాపలా కాసింది. తానేమో ఇప్పుడే వెళ్లి దగ్గరుండి కొట్టేయించి, కింద సంతకం కూడా పెట్టి వచ్చింది.

"ఇప్పుడు నువ్వే కొట్టేపిచ్చినవ్ గదా, ఏం కాదులే" అంది స్నిగ్ధ. అమ్మను ఓదార్చే మాటే అది. అదే ఎక్కువ పొడిచింది. బస్‌స్టాపులో నలుగురూ చూస్తున్నారన్న ఇంగితం కూడా లేకుండా ఆశ పిల్లను గుండెకు అదుముకుని బావురుమంది.

కాసేపటికి లేచింది. చున్నీతో ముఖం తుడుచుకుంది. ఇంటివైపు కాదు, బడివైపు తిరిగింది.

పట్టాభిరామయ్య అప్పుడే రిజిస్టరు బీరువాలో పెట్టి తాళం వేస్తున్నాడు. "ఏమ్మా, మళ్ళీ వచ్చారేంటి? ఏమైనా మర్చిపోయారా?"

"సార్, నా నంబర్ మళ్ళ రాయాలె."

"అదేంటమ్మా! ఇప్పుడేగా కొట్టేయించారు. ఒక పిల్లకి ఒకటే గడి. రెండు నంబర్లుంటే ఆ హడావిడిలో ఎవరికి చేయాలో మాకు తెలియదు."

"గడిల పెద్దమ్మదే ఉండనీయుండ్రి సార్. మొదలు ఆమెకే జెయ్యాలె. నాది పక్కకు రాయుండ్రి, అమ్మ అని. దానికి ఫోన్ జెయ్యకున్నా మంచిదే. ఊకె ఉండనీయుండ్రి సార్."

ఆయన ఆమె ముఖం చూశాడు. ఆ వెనక పిల్ల ముఖం చూశాడు. తాళం తీసి, రిజిస్టరు మళ్లీ బల్ల మీద పరిచి, ఈసారి నీలంసిరా పెన్ను తీశాడు. అంచున ఖాళీ తక్కువ. అక్షరాలు చిన్నవి చేసి 'అమ్మ' అని రాసి, కొట్టేసిన నంబరు చూసుకుంటూ ఒక్కొక్క అంకె పైకి చదువుతూ దింపసాగాడు.

స్నిగ్ధ బల్ల దగ్గరికి వచ్చి, మునివేళ్ల మీద లేచి నిలబడింది. పది అంకెలూ అయ్యేదాకా తప్పు పోకుండా చూసింది.