గోధుమరంగు గీత

అమీబాలు చచ్చిపోతున్నాయని ముందుగా పసిగట్టింది రాహేలే. బతికున్నవి గాజుగొట్టం గోడను కరుచుకుని ఉంటాయి. 1986లో ఆ సోమవారం పొద్దున మాత్రం సగానికి సగం ముడుచుకుపోయి అడుగున పడి ఉన్నాయి. మలక్‌పేటలోని ఆ పరిశోధనశాలలో టెక్నీషియన్‌గా పన్నెండేళ్ళు పనిచేసిన కళ్ళు ఆమెవి.

"మేడమ్, గిట్లయితే బేస్తారం దాక ఒక్కటి గుడ మిగలది" అంది.

శాస్త్రవేత్త రాధ కుర్చీలో కూలబడింది. పేగుల్ని తొలిచి, కాలేయంలో చీము పట్టించే పరాన్నజీవి అది. దాని ఒంటిపొరలోని ఒక ప్రోటీన్‌ను వేరుచేస్తే, రక్తపు చుక్కతోనే జబ్బును కనిపెట్టొచ్చన్నది ఆమె ఆశ. ఆ ఆశ వెంట రెండేళ్ళు గడిచాయి. అమీబాలకు మేత సీరం, అంటే ఆవు రక్తం గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు. ఈసారి వచ్చిన సీరం పాడైనట్టుంది.

"కొత్త సీరం బొంబాయి నుంచి రావడానికి మూడు వారాలు పడుతుందన్నారండీ" అంది రాధ నీరసంగా.

"బొంబాయి దాక ఎందుకు మేడమ్? గౌలిపురల ఆవులు లెవ్వా?"

మధ్యాహ్నానికల్లా పశువుల డాక్టరు బాలనర్సింహను వెంటబెట్టుకుని రాహేలు చంద్రమ్మ కొట్టం ముందు నిలబడింది. ఆ ఇంటికి పాలు అమ్మడమే జీవనం. సంగతి విని చంద్రమ్మ గుండె మీద చెయ్యేసుకుంది.

"గోమాత నెత్తురు తీస్తరా? పాపం తగలదా చెల్లె?"

"అక్కా, ఊకెనే చెప్పుత లేను. కడుపుల దూరి కార్జంల చీము పట్టిచ్చే పురుగును సాదుతున్నం. దాని గుట్టు దొరుకుతే రోగాన్ని జల్ది పట్టొచ్చు."

చంద్రమ్మ మొహం మారిపోయింది. అరుగు మీద కూర్చున్న భర్త శివయ్య వైపు చూసింది. "పోయిన ఎండకాలం ఈయనకు గదే రోగం. రెండు నెలలు ఏందో తెల్వకనే మందులు మింగిండు. చివరికి సూదేసి చీము గుంజిండ్రు."

శివయ్యే లేచి ఆవు పలుపు పట్టుకున్నాడు. "తియ్యిండ్రి డాక్టర్‌సాబ్. అది కదలకుండ నేను పట్టుకుంట. నా నెత్తురు గుడ పనికొస్తే తీస్కపోండ్రి."

రాహేలు వెంటనే సంచిలోంచి ఇంకో చిన్న సీసా తీసింది. పనికిరాకపోవడమా! ఆ జబ్బుతో పోరాడిన రక్తం కదా, అమీబా ప్రోటీన్‌ను గుర్తుపట్టేది అదే.

ఆవు రక్తం అరలీటరు, శివయ్యది పరీక్ష కోసం దాచడానికి ఒక చిన్న సీసా. ఆవు సీరం తేర్చారు, అరగంట వేడినీళ్ళలో ఉంచారు, వడకట్టి మేత పెట్టారు. బుధవారం మైక్రోస్కోపులో కన్నుపెట్టిన రాహేలు కేక వేసింది. "పాకుతున్నయ్ మేడమ్! మస్తు పాకుతున్నయ్!"

మూడు వారాలకు గొట్టాలు నిండిపోయాయి. ఇద్దరూ కలిసి అమీబాలను చితక్కొట్టి, పొరలు విడదీసి, ప్రోటీన్లను జెల్ అనే మెత్తటి పలకలో కరెంటుతో పరుగెత్తించి సైజువారీగా వేరుచేసి, పల్చటి కాగితం మీదికి దింపారు. దాన్ని సన్నని పట్టీలుగా కోశారు. ఒకదాన్ని శివయ్య సీరంలో నానబెట్టారు. ఒకదాన్ని, ఈ జబ్బు ఎన్నడూ రాని రాహేలు సీరంలో. మిగతావి ఆస్పత్రి నుంచి తెచ్చిన మరో ఆరుగురు రోగుల సీరాల్లో.

రంగు వచ్చే మందు పోసి, ఇద్దరూ పట్టీల మీదికి వంగారు.

ఒక నిమిషం గడిచింది. రెండోది కూడా. శివయ్య పట్టీ మీద ముందు మసకగా, ఆపైన ముదురుగా, అడ్డంగా ఒక గోధుమరంగు గీత లేచింది. ఇంకో రోగి పట్టీలోనూ అదే ఎత్తున! జబ్బు పడినవాళ్ళ పట్టీలు ఏడింటిలో ఆరింటికి వచ్చింది. రాహేలు పట్టీ మాత్రం తెల్లగానే ఉంది.

"నాది ఖాళీ! మేడమ్, నాది ఖాళీ!" ఆస్తి కలిసొచ్చినట్టు గంతులేసింది రాహేలు. రాధ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. కళ్ళద్దాలు జారి ముక్కు మీదికొచ్చినా సర్దుకోలేదు.

"జబ్బును పట్టించే ప్రోటీన్ ఇదే. పరీక్షలకు కావలసినంత చేసుకోవాలంటే దీన్ని తయారుచేసే జన్యువును పట్టుకోవాలండీ ఇక" అంది రాధ. "అదింకా కష్టం."

"ఫికర్ చెయ్యకుండ్రి" అంటూ రాహేలు అప్పటికే కొత్త గొట్టాలు కడగడానికి కుళాయి తిప్పింది.