ఉన్నవాళ్ళతో సహా ఇల్లు

"రేపు పదింటికి నీవ్ వస్తుందట," అన్నాడు అచ్యుత్ ఫోన్ పెట్టేసి.

"నేనెక్కడికెళ్ళానని రావడానికి? అయినా పద్యనాటకంలోలా ఆ 'నీవు' ఏంటి?" అంది రత్నకుమారి.

"నువ్వు కాదే బాబూ! కౌన్సిల్ ఆవిడ పేరే నీవ్. ఇల్లు చూడ్డానికొస్తోంది."

భార్య నవ్వు ఆగిపోయింది. డబ్లిన్ శివారు సిటీవెస్ట్‌లో వాళ్ళుంటున్న ఫ్లాటు యజమాని బ్యాంకు అప్పు తీర్చలేదు. బ్యాంకు తీరిగ్గా ఫ్లాటును అమ్మకానికి పెట్టింది. బయటివాళ్ళు కొంటే వీళ్ళు వీధిన పడాలి. డబ్లిన్‌లో మరో అద్దె ఇల్లు వెతకడమంటే వానలో వడియాలు ఎండబెట్టడమే. మిగిలిన ఆశ ఒక్కటి: ప్రభుత్వ పథకం కింద స్థానిక కౌన్సిలే ఫ్లాటు కొని, తక్కువ అద్దెకు వీళ్ళనే ఉంచడం. ఆ పథకం ఉన్నవాళ్ళకే. డబ్బున్నవాళ్ళకు కాదు, ఇంట్లో ఉన్నవాళ్ళకు.

పై అంతస్తు పద్మనాభం గారు ఒకప్పుడు గుంటూరులో హాస్టళ్ళు తనిఖీ చేసినాయన.

"సామాను కనబడిందా, ఇరుకని రాసేస్తారమ్మాయ్! అంతా మా ఇంట్లో పడేయండి."

సాయంత్రానికి పరుపులు, బియ్యం బస్తాలు, దేవుడి పటాలు, ఆవకాయ జాడీ మెట్లెక్కాయి.

"టూత్‌బ్రష్షులు కూడానా అంకుల్?"

"అవే ముందు! బ్రష్షుల్ని బట్టే తలలు లెక్కేస్తారు."

అద్దె ఇల్లు అద్దంలా మెరిసింది. సర్దీ సర్దీ, సర్దుకుపోయినట్టే చేశారు.

మర్నాడు నీవ్ వచ్చి వంటింటి అలమారా తలుపులు తీసింది. అరల్లో ఏమీ లేదు. ఫ్రిజ్‌లో దీపం తప్ప మరేం లేదు.

"గ్రాండ్," అంది. అచ్యుత్ మొహం కూడా వెలిగింది. "ఎప్పుడు ఖాళీ చేశారు?"

"చెయ్యలేదండీ, ఇక్కడే ఉంటున్నాం!"

"మరి పరుపులు?"

"పైన."

"బట్టలు?"

"పైన."

నీవ్ ఓసారి సీలింగు వైపు చూసింది. "అద్దెదారులున్న ఇళ్ళనే కొంటాం. ఖాళీవి ఈ పథకంలోకి రావు," అంటూ కాగితం మీద 'ఖాళీ' అని రాసింది.

అది చూసి రత్నకుమారి కాళి అయింది. నీవ్ చెయ్యి పట్టుకుని బరబరా మెట్లెక్కించింది. పరుపులు అడ్డుండి పద్మనాభం గారి తలుపు సగమే తెరుచుకుంది. ఆ సందులోంచి ఆయన తల బయటపెట్టారు.

"వాళ్ళవేం లేవు మేడమ్! అన్నీ మావే!"

"ఈ చీరలు కూడానా?" అంది నీవ్.

"నావే!"

"చాలు అంకుల్! ఇంక మమ్మల్ని కాపాడకండి!"

ఆ గోలకు ఇరుగుపొరుగు వాళ్ళు మెట్ల మీదకి చేరారు. రత్నకుమారి అందరూ వినేలా ఇంగ్లీషులో చెప్పింది. "మా వైపు అధికారి వస్తున్నాడంటే సామాను దాచేస్తాం. ఇల్లు ఇరుకంటారని భయం. ఆ చీరలు నావి, ఆ చొక్కాలు ఈయనవి. నాలుగేళ్ళుగా కిందే ఉంటున్నాం."

నీవ్ కాసేపు పద్మనాభం గారిని, చీరల్ని మార్చి మార్చి చూసింది. "సరే, కిందికి మోయండి. మీ ఇంట్లో మీ సామాను చూశాకే మారుస్తా."

మోత మొదలైంది. ఆఖరి బస్తా దిగాక నీవ్ 'ఖాళీ' కొట్టేసి 'నివాసం ఉంటున్నారు' అని రాసింది.

ఎదురింటి ముసలాయన అప్పుడే తలుపు తీసి, "పాపం, వెళ్ళిపోతున్నారా?" అన్నాడు.

"లేదు," అంది నీవ్. "వెళ్ళిపోకూడదనే ఇల్లు ఖాళీ చేశారు."