ఇంజను ఎక్కించిన రోజు

రాంబాబుకి పక్షవాతం వచ్చేనాటికి జగన్నాధం గారి జీపు అతని షెడ్డులో విప్పేసి ఉంది. ఇంజను చెక్కదిమ్మల మీద, గేరుబాక్సు గోనెపట్టా మీద, ఖాళీ ఒళ్లు నాలుగు చక్రాల మీద. ఇంజను రిపేరంతా అయిపోయింది. తిరిగి ఎక్కించడమే మిగిలింది. ఆ పొద్దున స్పానర్ అందుకోబోతే కుడిచెయ్యి లేవలేదు. మాట ముద్దయింది.

చీపురుపల్లిలో రోడ్డు పక్క రేకుల షెడ్డు అది. దాన్ని ఆనుకున్న గదిలోనే కాపురం. రాంబాబు భార్య ఝాన్సీ అక్కడే కిటికీ దగ్గర కూర్చుని జాకెట్లు కుడుతుంది. ఏదో పడిన చప్పుడు విని పరుగెత్తుకొచ్చింది. పక్కన పంక్చర్లు వేసే దేవేంద్ర ఆటో ఆపాడు. ఇద్దరూ కలిసి విజయనగరం ఆసుపత్రికి చేర్చారు. ప్రాణం దక్కింది. మెల్లగా మాట వచ్చింది, నడక వచ్చింది. కుడిచేతి వేళ్లు మాత్రం చెప్పిన మాట వినడం మానేశాయి.

షెడ్డులో ఉన్న బళ్లవాళ్లు ఒక్కొక్కరే వచ్చారు. పలకరించారు, జాలిపడ్డారు, అరటిపళ్లు ఇచ్చారు, బళ్లు తోలుకుపోయారు. వాళ్లని తప్పుపట్టడానికేమీ లేదు. ఎవరి పని వాళ్లకి ఆగిపోయింది మరి. ట్రాక్టర్ పోయింది, రెండు ఆటోలు పోయాయి. చివరికి జగన్నాధం జీపొక్కటే మిగిలింది.

జగన్నాధం రామతీర్థం దగ్గర పల్లెలో రైతు. ఊరవతల కొండవాలు మీద అతనికి జీడితోట ఉంది. ఆ రాళ్లబాటలో ఇంకే బండీ ఎక్కదు. అతని తండ్రి ఎప్పుడో మిలిటరీ వేలంలో కొన్న పాత జీపు మాత్రం నాలుగు చక్రాలకీ లాగుడు ఇచ్చుకుని ఎక్కేస్తుంది. జీపుని వేరే షెడ్డుకి మారుద్దామని అతని బావమరిది హరిబాబు ఒకరోజు లారీ తెచ్చాడు. వెనకే జగన్నాధం కూడా దిగాడు.

రాంబాబు అరుగు మీద కూర్చుని తల దించుకున్నాడు. "తీసుకుపోండి బాబాయ్. నానింక సెయ్యలేను" అన్నాడు.

జగన్నాధం ఇంజను చుట్టూ ఒకసారి తిరిగాడు. దాని మీద కప్పి ఉన్న గుడ్డని సరిచేశాడు.

"ఒరే హరీ, లారీని పంపించీ" అన్నాడు.

"ఏటి బావా? ఎన్నాళ్లు ఉంచుతావు?" అన్నాడు హరిబాబు.

"ఈడు లేసేదాకా."

ఆ ఏడు జీడిగింజలు కావిళ్ల మీద కొండ దిగాయి. ఆ సంగతి జగన్నాధం చెప్పలేదు. అతని భుజం కమిలిపోయి ఉండటం చూసి ఝాన్సీయే కనిపెట్టింది. పని మీద చీపురుపల్లి వచ్చినప్పుడల్లా బస్సు దిగి షెడ్డు దగ్గరికి వచ్చేవాడు. సంచిలో అంబలి కాచుకోను చోళ్లో, నాలుగు పనసతొనలో ఉండేవి. రాంబాబు పక్కన కూర్చుని వానల గురించి మాట్లాడి వెళ్లిపోయేవాడు. జీపు ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు.

అతను ఎత్తకపోవడమే ఝాన్సీకి నిద్ర పట్టనివ్వలేదు. ఒక మధ్యాహ్నం భర్తకి అన్నం పెడుతూ అంది.

"మావా, నువ్వు సెప్పు. నాను సేస్తాను."

"ఏటి సేస్తావు?"

"జీపు."

రాంబాబుకి కోపం వచ్చింది. "అది జాకెట్టు కుట్టడం గాదే."

"గాదని నాకూ తెలుసు. అందుకే సెప్పమంతన్నాను."

అతను కంచం ముందు నుంచి లేచిపోయాడు. మర్నాడు పొద్దున ఆమె లేచి చూసేసరికి షెడ్డులో స్పానర్లన్నీ గోనె మీద వరసగా పేర్చి ఉన్నాయి. ఎడంచేత్తో ఒక్కొక్కటే పేర్చినట్టున్నాడు, కాస్త వంకరగా. "రా. ముందు ఇయ్యి గుర్తుపట్టు" అన్నాడు.

నేర్చుకోవడం తేలిగ్గా సాగలేదు. అతను విసుక్కునేవాడు, ఆమె ఎదురు తిరిగేది. బోల్టు ఎంత బిగించాలో మాటల్లో చెప్పలేక రాంబాబు తల కొట్టుకునేవాడు. ఆమె అరచేతులు బొబ్బలెక్కాయి. అయినా మిషను దగ్గర కూర్చునే గంటలు తగ్గించి, ఫ్రేము తుడిచింది, ఇంజను కింద వేసే కొత్త రబ్బర్లు బిగించింది, క్లచ్ ప్లేటు కూర్చింది. ఒకరోజు జగన్నాధానికి ఫోను చేసి, "బాబాయ్, రేపు ఇంజను ఎక్కిస్తన్నాం, రండి" అని చెప్పింది.  "వస్తాను తల్లీ" అన్నాడు జగన్నాధం.

మర్నాడు ఇంజను వరకూ పని బాగానే జరిగింది. దేవేంద్ర గొలుసు లాగుతుంటే ఇంజను గాల్లోకి లేచింది. జగన్నాధం, ఝాన్సీ చెరోవైపు పట్టుకుని ఊగకుండా చూశారు. రాంబాబు ముందు నిలబడి, "దించు... ఆగు... ఇంకో రవ్వ" అంటూ ఎడంచెయ్యి ఊపాడు. ఇంజను రబ్బర్ల మీద కూర్చుంది.

గేరుబాక్సు దగ్గర వచ్చింది చిక్కు. కిందినుంచి జాకీ మీద లేపి ముందుకి తోశారు. ఇంజనుకి రెండు వేళ్ల దూరంలో ఆగిపోయింది. ఎంత తోసినా కదల్లేదు.

"బోల్టులేసి లాగేద్దుమా?" అన్నాడు దేవేంద్ర.

"వద్దొద్దు! గేరుబాక్సు డొప్ప పగిలిపోతాది" అని అరిచాడు రాంబాబు. "ఎనక్కి తియ్యండి."

తీశారు. రాంబాబు టార్చి వేసి లోపలికి చూశాడు. క్లచ్ ప్లేటు నడిమధ్యన లేదు. బిగించేటప్పుడు కాస్త కిందికి జారింది. దాంతో గేరుబాక్సు షాఫ్టు మూతి దాన్ని దాటి ఇంజనులోకి పోవడం లేదు.

ఝాన్సీ ముఖం వాడిపోయింది. "నానే బిగించినాను" అంది.

"నాను నేర్సుకున్న కొత్తలో నానూ ఇలగే బిగించినాను. మా మేస్త్రీ స్పానర్ ఇసిరీసినాడు" అన్నాడు రాంబాబు. తర్వాత భార్యవైపు చూసి, "బయపడకు, నానిసరను. ఇసిరినా ఈ ఎడంసేత్తో నీకు తగల్దు" అన్నాడు.

దేవేంద్ర పకపకా నవ్వాడు. జబ్బు చేశాక రాంబాబు హాస్యమాడటం ఝాన్సీ వినడం అదే మొదలు. ఏడుపో నవ్వో తెలియకుండా కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఝాన్సీ వద్దంటున్నా వినకుండా రాంబాబే జీపు కిందికి పాకాడు. పనికిరాని పాత షాఫ్టు ముక్క ఒకటి ప్లేటు నడుమ దూర్చి, ఎడంచేత్తో కదలకుండా పట్టుకున్నాడు. బరువు ఆపడానికి కుడి అరచేతిని దాని కింద పెట్టాడు. పక్కనే వెల్లకిలా పడుకుని ఝాన్సీ ఒక బోల్టు తర్వాత దానికి ఎదురుబోల్టు, కొద్దికొద్దిగా బిగించింది. ఇద్దరి ముఖాల మీదా మసి రాలుతోంది.

మళ్లీ గేరుబాక్సు లేపారు. ఈసారి రాంబాబు గేరు వేయించి, "బాబాయ్, గేరుబాక్సు ఎనకున్న పళ్లెం సేత్తో తిప్పండి. మెల్లగా" అన్నాడు. జగన్నాధం తిప్పాడు. ఝాన్సీ రెండు చేతులతో తోసింది. ఎక్కడో లోపల పళ్లకి పళ్లు దొరికాయి. గేరుబాక్సు దానంతటదే ముందుకి జారి, టక్కుమని ఇంజనుకి అతుక్కుంది.



"కూకున్నాది" అన్నాడు రాంబాబు.

ఆ సాయంత్రానికి ముందు చక్రాలకి ఒక షాఫ్టు, వెనక చక్రాలకి ఒక షాఫ్టు తగిలించి, నూనె, నీళ్లు పోసి, వైర్లు కలిపారు. మొదట తాళం తిప్పితే దగ్గింది. మళ్లీ తిప్పితే పొగ కక్కి అందుకుంది. రేకులు అదిరాయి. రాంబాబు ఒళ్లంతా చెవి చేసుకుని విన్నాడు. ఆపమనలేదు.

ఊరవతల గెడ్డలో నీళ్లు లేవు, ఇసకే. పరీక్షించడానికి జగన్నాధం జీపుని అందులోకి దించాడు. రాంబాబు ముందు సీట్లో, ఝాన్సీ వెనక. చక్రాలు ఇసకలో కూరుకుపోగానే, "ఇప్పుడు లివర్ లాగండి" అన్నాడు రాంబాబు. ముందు చక్రాలు కూడా తిరిగాయి. జీపు మూలుగుతూ గట్టెక్కింది. జగన్నాధం అక్కడ బండి ఆపాడు.

రాంబాబు ఎప్పటినుంచో అనుకుంటున్న మాట అనబోయాడు. అంతలో ఝాన్సీయే అంది. "బాబాయ్, అందరూ ఎల్లిపోనారు. మీరొక్కరే బండి ఉంచినారు. అది లేకపోతే ఈ మడిసి ఆ అరుగు మీంచి లేసేవోడు గాదు. మీ మేలు మరవలేం."

జగన్నాధం స్టీరింగు మీద చేతులు ఉంచి, ఎదురుగా చూస్తూ మాట్లాడాడు.

"నా మేలేటమ్మా. మా కొండబాట నువ్వు సూడలేదు. దిగినప్పుడు ఒకపక్క లోయ. మా ఇంటిది జగ్గమ్మ తోటలో పొద్దల్లా పనిసేసి, బండెక్కి, ఆ దిగుడులో నిద్దరోతాది. ఇన్నేళ్లుగా నిద్దరోతన్నాది. బ్రేకు పడతాదా లేదా అని ఒక్కనాడు ఆలోసించలేదు. దానికి తెలవదు గాని నాకు తెలుసు, అది ఎవుడి సేతి పనో. నాను నీకెప్పుడైనా సెప్పినానేట్రా రాంబాబూ?"

"లేదు బాబాయ్."

"అదీ. సెప్పకుండా ఉండిపోనాను. ఇప్పుడు సెప్తన్నాను."

రాంబాబు ఎడంచెయ్యి చాచి ముసలాయన మోకాలి మీద పెట్టాడు.  ఝాన్సీ వెనకనుంచి ఇద్దరి తలలూ చూస్తూ, దేవుడా చాలు, ఇది చాలు అనుకుంది.

వానలు పడే ముందు ట్రాక్టరతను తిరిగొచ్చాడు. ఇంకో చోట చేయించిన క్లచ్ పట్టేస్తోందట. షెడ్డులో ఝాన్సీ నైటీ మీద పాత చొక్కా తొడుక్కుని ఉండటం చూసి సందేహించాడు.

"సూసేది నాను, బిగించేది ఆవిడ. ఇష్టమైతే ఉంచండి" అన్నాడు రాంబాబు.

అతను కాసేపు నిలబడి, తాళం ఝాన్సీ చేతికిచ్చి బస్సుకి వెళ్లిపోయాడు. ఆమె జాకీ లాక్కొచ్చింది. రాంబాబు కుర్చీ దగ్గరకి జరుపుకుని, "మొదట సక్రం కింద రాయి పెట్టు" అన్నాడు.