ఎనిమిది రోజుల సగం బరువు

వెంకట్రాజు కుడిచేతి బొటనవేలు మొదటిసారి అదిరింది ఆశ్వయుజ మాసంలో ఒక మంగళవారం నాడు. ఏలూరు కాలవ ఆఫీసులో తన బల్ల ముందు కూర్చుని ఒక అర్జీకి సాఫు ప్రతి రాస్తున్నాడు. నాలుగో పంక్తిలో కలం ఉన్నట్టుండి పక్కకి జారి, కాగితం మీద సన్నటి సిరా గీత పడింది.

అతను కలం కింద పెట్టి, చేతిని బల్ల కిందికి దించి చూసుకున్నాడు. చర్మం కింద ఏదో పురుగు మెసులుతున్నట్టు బొటనవేలు తనంతట తాను కొట్టుకుంటోంది. ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాడు. పట్టులో కూడా కొట్టుకుంది. పక్క బల్ల గుమాస్తా ఏదో అడిగాడు గాని అతనికి వినిపించలేదు.

వాళ్ళ నాన్నకీ అలాగే మొదలైంది మరి.

సూర్యనారాయణరాజు గారు ఉంగుటూరులో పదెకరాల మాగాణి దగ్గరుండి చేయించుకున్న మనిషి. వరి మోపు ఒంటిచేత్తో బండి మీదికి విసిరేవారు. ఒకరోజు పొద్దున్న చేతిలో మజ్జిగ గ్లాసు జారింది. బొటనవేలు అదురుతోందని నవ్వుతూ అందరికీ చూపించారు. ఆ అదురు మణికట్టుకి పాకింది, తరవాత భుజానికి. మూడేళ్ళలో చేతులూ కాళ్ళూ ఎండుకట్టెల్లా అయిపోయాయి. ఆఖరి ఏడాది భార్య మంగాయమ్మ ముద్దలు చేసి నోట్లో పెడితే మింగడానికి కళ్ళనీళ్ళు పెట్టుకునేవారు. ముప్ఫై తొమ్మిదో ఏట పోయారు. ఆయన అన్నగారూ అంతకుముందు అలాగే పోయారు. నాన్న పోయేనాటికి వెంకట్రాజుకి పద్నాలుగేళ్ళు. ఆ ఇంటి మగాళ్ళ రక్తంలోనే ఉందని ఊళ్ళో వాళ్ళు అనుకోవడం అతని చెవిన పడింది.

ఆ మాట విన్నాకే అతను ఒళ్ళు పెంచడం మొదలుపెట్టాడు. జబ్బు దూరడానికి సందు లేనంత గట్టిగా కండ కట్టాలనుకున్నాడు. ఉద్యోగం దొరికి ఏలూరు వచ్చాక, తమ్మిలేరు గట్టున తాటాకు పాకలో సత్యానందం మాస్టారు నడిపే వ్యాయామశాలలో చేరాడు. మాస్టారు మిషను బడిలో డ్రిల్లు చెబుతారు. కమ్మరి చేత పోయించుకున్న ఇనప చక్రాలూ, ఓ పొడుగాటి కడ్డీ, ఇవే ఆయన సరంజామా. అయిదేళ్ళు తిరిగేసరికి వెంకట్రాజు ఎనిమిది మణుగుల బరువు, అంటే ఇంచుమించు రెండొందల పౌన్లు, నేల మీంచి తీసి తలపైకి ఎత్తి నిలబడగలిగాడు. ఏలూరులో అంత బరువు ఇంకొకరు ఎత్తడం లేదు. కార్తీకం ఆఖర్న తాడేపల్లిగూడెంలో జిల్లా పోటీలు. దానికి ఆరు వారాలుందనగా ఆ బొటనవేలు అదిరింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం. ఆ సాయంత్రమే పాకకి వెళ్ళి రోజూ ఎత్తే దానికి రెట్టింపుసార్లు ఎత్తాడు. మర్నాటి నుంచి పొద్దున్న కూడా మొదలుపెట్టాడు. బరువు లేస్తున్నంతసేపూ తనకేం కాలేదన్న ధైర్యం. కడ్డీ కింద పెట్టగానే మళ్ళీ వేలి వంకే చూపు.

రెండు వారాలు గడిచాయి. ఎనిమిది మణుగులు లేవడం మానేశాయి. ఏడున్నరకి మోకాళ్ళు వణికాయి. అదురు బొటనవేలు దాటి మణికట్టు దాకా వచ్చింది. అన్నం సయించడం లేదు. పడుకుంటే నిద్ర రాదు, గుండె దడదడ కొట్టుకుంటుంది. అచ్చం నాన్నకి జరిగినట్టే, ఒక్కో మెట్టూ దిగుతున్నట్టే ఉంది.

ఆదివారం ఉంగుటూరు వెళ్తే మంగాయమ్మ విస్తరి వేసి ఎదురుగా కూర్చుంది. కొడుకు ఎప్పుడొచ్చినా ఆమె చూపు ముందు అతని ముఖం మీద కాకుండా చేతుల మీద పడుతుంది. అది అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

"చిక్కిపోయావేంటి నాన్నా?"

"ఆఫీసులో పని ఎక్కువగా ఉందమ్మా."

"పప్పు కలుపుకోలేదేం?"

కలుపుతుంటే వేళ్ళు అదురుతాయని అతను మజ్జిగన్నం పెట్టమన్నాడు, గబగబా తాగినట్టు తిని లేచిపోయాడు. వెనక్కి తిరిగి ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

మూడో వారం ఒక సాయంత్రం ఏడు మణుగులు కూడా ఛాతీ దగ్గరే ఆగిపోయాయి. కడ్డీ ధబీమని నేల మీద పడింది. సత్యానందం మాస్టారు అప్పటిదాకా పిల్లల చేత బస్కీలు తీయిస్తున్నారు. ఆయన నెమ్మదిగా దగ్గరికొచ్చి, కడ్డీకి అటూ ఇటూ చక్రాలు ఒక్కొక్కటే తీసేశారు. నాలుగు మణుగులు మిగిల్చారు.

"రాజుగారూ, రేపట్నుంచి ఎనిమిది రోజులు ఇంతేనండి. రోజుకి ఒక్కపూట. అయిదుసార్లు ఎత్తి ఇంటికెళ్ళిపోండి."

"ఇదేంటండీ మాస్టారూ! నాలుగు మణుగులు పదహారేళ్ళ పిల్లాడు ఎత్తుతాడు. పోటీ మూడు వారాల్లో పెట్టుకుని..."

"మూడు వారాలుంది కాబట్టే అంటున్నానండి. మీ ఒళ్ళు అలిసిపోయింది. ఎత్తేటప్పుడు కండ నలుగుతుంది, తీరిక దొరికినప్పుడు కూడుకుంటుంది. మీరు దానికి ఆ తీరిక ఇవ్వడం లేదు." ఆయన తన ఎడమచెయ్యి పైకెత్తి చూపించారు. అది భుజం దాకా లేచి ఆగిపోయింది. "మీ వయసులో నాకూ ఎవరో చెప్పారండి, తగ్గించుకోమని. వినలేదు. భుజంలో నరం తెగింది."

వెంకట్రాజు తల ఊపాడు. మొదటి రోజు నాలుగు మణుగులు ఎత్తాడు. కడ్డీ గాలిలో తేలినట్టుంది. ఆ తేలికదనమే అతన్ని భయపెట్టింది. బరువనేది తనకీ ఆ జబ్బుకీ మధ్య కట్టుకున్న గోడ. ఇప్పుడు తన చేతులతోనే సగం గోడ పడగొడుతున్నాడు. రెండో రోజు, మూడో రోజు అద్దం ముందు చొక్కా విప్పి నిలబడ్డాడు. భుజాలు జారిపోయినట్టు కనిపించాయి. తొడ చుట్టూ దారం కట్టి కొలుచుకున్నాడు. నిన్నటికంటే వదులైందా? అయిందనే అనిపించింది.

నాలుగో రోజు తెల్లవారుతుండగా, ఎవరూ రాకముందే పాకకి వెళ్ళాడు. చక్రాలన్నీ ఎక్కించాడు. ఎనిమిది మణుగులు. ఇవి లేస్తే తనకేం లేనట్టే. ఒక్కసారి చాలు, మళ్ళీ ముట్టుకోను అనుకున్నాడు.

కడ్డీ ఛాతీ దాకా వచ్చింది. ఊపిరి బిగబట్టి పైకి తోశాడు. నుదురు దాటింది. అక్కడ కుడి మోచెయ్యి ఉన్నట్టుండి తనది కానట్టు మడుచుకుపోయింది. వెనక్కి విరుచుకుపడ్డాడు. కడ్డీ వచ్చి గుండెల మీద పడింది. ఊపిరి ఆగింది. అరుద్దామంటే గొంతులోంచి గాలి రావడం లేదు. రెండు చేతులతో తోశాడు, అది వెంట్రుకవాసి కూడా కదల్లేదు. కుడిచెయ్యి కడ్డీ మీద టపటప కొట్టుకుంటోంది. ఇదే, ఇలాగే పోతానన్నమాట అనుకున్నాడు.

తమ్మిలేటి నుంచి నీళ్ళబిందెతో వస్తున్న మాస్టారి భార్య ఎలిజబెత్తమ్మకి ఆ చప్పుడు వినిపించింది. ఆవిడ బిందె గుమ్మంలోనే వదిలేసి పరుగెత్తుకొచ్చింది.

"కదలకండి బాబూ, కదలకండి!" అంటూ కడ్డీని ఎత్తబోకుండా, ఒక చివర బిగించిన మర ఊడదీసి చక్రాలు బయటికి లాగేసింది. కడ్డీ ఒక పక్కకి ఒరిగింది. వెంకట్రాజు రెండో పక్కకి దొర్లి, దుమ్ములో బోర్లాపడి దగ్గసాగాడు.

మాస్టారు వచ్చేసరికి అతను గోడకి జారబడి ఉన్నాడు. ఎలిజబెత్తమ్మ గీరుకుపోయిన చోట తడిగుడ్డతో తుడుస్తోంది. మాస్టారి ముఖం పాలిపోయింది. ఆవిడే అడిగింది.

"దేనికి భయపడుతున్నారండి మీరు? పోటీకైతే కాదు. పోటీకి భయపడేవాళ్ళు ఇలా ఉండరు."

వెంకట్రాజు చెయ్యి ముందుకి చాపాడు. మణికట్టు దాకా అదురుతోంది. అంతా చెప్పేశాడు. మజ్జిగ గ్లాసూ, పెదనాన్నా, సిరా గీతా అన్నీ.

మాస్టారు చాలాసేపు ఆ చేతిని తన చేతిలో పెట్టుకుని చూశారు.

"మీ నాన్నగారు ఎప్పుడన్నా పని మానేసి విశ్రాంతి తీసుకున్నారాండీ?"

"ఊళ్ళో వైద్యం చేసే ఆచారిగారు చెబితే నెల్లాళ్ళు మంచం దిగలేదండి. ఇంకా ఎక్కువైంది."

"అయితే వినండి. ఇది అలసటే అయితే, సగం బరువుతో ఎనిమిది రోజులుంటే తగ్గుతుంది. తగ్గకపోతే నేనే మిమ్మల్ని రైలెక్కించి మద్రాసు పెద్దాసుపత్రికి తీసుకెళ్తాను. ఈ రోజు ఒకటో రోజు."

"మళ్ళీ మొదట్నుంచాండీ?"

"మొదట్నుంచేనండి."

అంతకుముందు ఆ ఎనిమిది రోజులంటే బలం పోతుందన్న భయం ఒక్కటే. ఇప్పుడవి తీర్పు చెప్పే రోజులయ్యాయి. వేలు అదురుతోందో లేదో చూసుకోకుండా ఉండలేడు, చూసుకోనూ లేడు. ఆఫీసులో చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చునేవాడు. నాలుగు మణుగులూ అయిదుసార్లు ఎత్తి, ఎవరి ముఖమూ చూడకుండా గదికి వెళ్ళిపోయేవాడు. ఒక రాత్రి మాత్రం ఏడు గంటలు ఏకధాటిగా నిద్రపోయాడు. లేచాక దానికీ భయమేసింది. నాన్న కూడా జబ్బు ముదిరాక అలా మగతగా పడుకునేవారు.

అయిదో రోజు శనివారం. ఇతన్ని ఒంటరిగా వదిలితే మళ్ళీ చక్రాలెక్కిస్తాడని మాస్టారికి అనుమానం. తన చెల్లెలు సువార్తమ్మ ఉండే కొల్లేటికోటకి వెంటబెట్టుకెళ్ళారు. పడవలో సరస్సు మీద పోతుంటే నీళ్ళు ఎటు చూసినా కదలకుండా ఉన్నాయి. రెల్లు పొదల మీంచి కొంగలు లేచి, కాస్త దూరంలో మళ్ళీ వాలుతున్నాయి.

సువార్తమ్మ అన్నం, కొరమేను పులుసు వడ్డించింది. తాను ఈ ఇంట్లో తిన్నట్టు ఉంగుటూరులో తెలిస్తే బంధువులు గుమ్మం తొక్కనివ్వరని వెంకట్రాజుకి తెలుసు. అయినా వారాల తరబడి లేని ఆకలి ఆ వాసనకి ఒక్కసారిగా లేచింది. రెండుసార్లు మారు వేయించుకున్నాడు.

"ఆ చెయ్యి కాస్సేపు ఒళ్ళో దాచుకుంటారు, కాస్సేపు తీస్తారు. కాలిందాండీ?" అని అడిగింది సువార్తమ్మ.

"లేదండీ, ఊరికే."

తిరుగు పడవలో గెడ అందుకుని కొంతసేపు తానే తోశాడు. ఏలూరు కాలవలోకి వచ్చాక గాని గుర్తు రాలేదు, అన్నం తిన్న దగ్గర్నుంచీ తన వేలిని ఒక్కసారీ చూసుకోలేదని. గబుక్కున చెయ్యి కండువాలో చుట్టేసుకున్నాడు. ఇప్పుడు చూస్తే, అదురుతూ కనిపిస్తే, ఇక ఆశ పెట్టుకోవడానికి ఏమీ మిగలదు.

తొమ్మిదో రోజు పొద్దున్న అతను పాకకి వెళ్ళలేదు. గది తలుపు గడియ పెట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. ఎండ గుమ్మం దాకా వచ్చింది. ఎవరో తలుపు తట్టారు.

"రాజుగారూ, నేనండీ."

తలుపు తీశాడు. సత్యానందం మాస్టారు లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డారు.

"రానండీ మాస్టారూ. తెలియకపోతేనే బాగుంది. తెలియనన్నాళ్ళూ ఇలాగే ఉంటాను."

"నాకూ భయంగానే ఉందండి," అన్నారాయన. "తెల్లవారుజామున లేచి ప్రార్థన చేసుకుంటుంటే నోట మాట రాలేదు. అలసటేనని మీకు గట్టిగా చెప్పాను గాని, నేను డాక్టర్ని కాదు కదా. రండి. ఇద్దరం కలిసే చూద్దాం."

ఆ పెద్దమనిషి గొంతు వణకడం వెంకట్రాజు అదే మొదటిసారి వినడం. చొక్కా తొడుక్కుని వెనకాలే నడిచాడు.

పాకలో ఎలిజబెత్తమ్మ తప్ప ఎవరూ లేరు. పిల్లల్ని ఆ పూటకి పంపేసినట్టున్నారు. ఆవిడ ఇత్తడి గ్లాసు అంచు దాకా నీళ్ళు పోసి అతని కుడిచేతికిచ్చింది. చెయ్యి బారచాచి పట్టుకోమన్నారు మాస్టారు. వెంకట్రాజు కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళు వేళ్ళ మీదికి చల్లగా కారే క్షణం కోసం ఎదురుచూశాడు. మాస్టారు పైకి లెక్కపెడుతున్నారు. ఇరవై. ముప్ఫై. అరవై దగ్గర ఆయన లెక్క ఆపేశారు.

"కళ్ళు తెరవండి," అంది ఎలిజబెత్తమ్మ.

గ్లాసులో నీళ్ళు అద్దంలా నిలబడి ఉన్నాయి. బొటనవేలు ఇత్తడి మీద కదలకుండా ఉంది. అతను నమ్మలేదు. ఇంకాసేపు చూశాడు. తరవాత గ్లాసు ఎడమచేతికి మార్చి, మళ్ళీ కుడిచేతికి తీసుకుని చూశాడు.

కడ్డీకి మాస్టారు ఒక్కొక్క చక్రం ఎక్కించారు. అయిదు మణుగులు లేచాయి. ఆరు, ఏడు లేచాయి. ప్రతిసారీ మోచెయ్యి మడుచుకుంటుందేమోనని దాని వంకే చూసేవాడు. ఎనిమిది మణుగులు ఛాతీ మీదికి వచ్చినప్పుడు, ఆ రోజు మీద పడ్డ బరువు గుర్తొచ్చి కాళ్ళు బిగుసుకున్నాయి. మాస్టారు ఓ పక్కన, ఎలిజబెత్తమ్మ రెండో పక్కన వచ్చి నిలబడ్డారు. తోశాడు. కడ్డీ నుదురు దాటింది, తల దాటింది, చేతులు నిటారుగా నిలిచాయి. నెల్లాళ్ళ కిందట ఎత్తినప్పుడు కూడా అది ఇంత తేలిగ్గా వెళ్ళలేదు.

కింద పెట్టాక అతను కడ్డీ పక్కనే చతికిలబడ్డాడు. ఏడుపొచ్చింది. మాస్టారు తల తిప్పుకుని చక్రాలు సర్దుతూ ఉండిపోయారు.

తాడేపల్లిగూడెం పోటీల్లో వెంకట్రాజు ఎనిమిదిన్నర మణుగులు ఎత్తాడు. భీమవరం నుంచి వచ్చినతను తొమ్మిది ఎత్తి మొదటి బహుమతి తీసుకున్నాడు. ఇతనికి రెండోది వచ్చింది. స్టేషన్లో ప్యాసింజరు కోసం నిలబడి ఉండగా, వచ్చే ఏడాది నాటికి తొమ్మిదిన్నర ఎలా ఎత్తాలో అతను హుషారుగా చెప్పుకుపోతున్నాడు. మాస్టారు విని, విని, నెమ్మదిగా అన్నారు.

"అన్నీ ఎత్తుదురుగాని లెండి. రేపట్నుంచి మాత్రం ఎనిమిది రోజులు నాలుగు మణుగులేనండి. ఇక మీదట అయిదారు వారాలకోసారి ఇంతే."

వెంకట్రాజు చూపు మళ్ళీ కుడిచేతి బొటనవేలి మీదికి పోయింది. ఆ భయం ఎక్కడికీ పోలేదని, బహుశా తండ్రి పోయిన వయసు తాను దాటేదాకా పోదని అతనికి అప్పుడే తెలిసింది.

"అలాగేనండి," అన్నాడు.